డేటాబేస్ సర్వర్‌లో ఎవరూ వాడని విర్‌బీఆర్0: తీసేయాలా, ఉండనివ్వాలా?

తుంగభద్ర

మా సంస్థలో వీఎంవేర్ మీద నడిచే రెండు నోడ్ల ఒరాకిల్ ర్యాక్ క్లస్టర్ ఉంది, అంటే రెండు సర్వర్లు (నోడ్లు) కలిసి ఒకే డేటాబేస్‌ను నడుపుతాయి. డేటాబేస్ 19సీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఒరాకిల్ లినక్స్ 7.9. సర్వర్లను మొదట సిద్ధం చేసినవారు గ్రాఫికల్ తెర ఉండే రకాన్ని ఎంచుకున్నారు. దాంతోపాటు వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లను) నిర్వహించే లిబ్‌విర్ట్ కూడా వచ్చి చేరింది. ఇప్పుడు రెండు నోడ్లలోనూ విర్‌బీఆర్0, విర్‌బీఆర్0-నిక్ అనే నెట్‌వర్క్ పరికరాలు కనిపిస్తున్నాయి. రెండు చోట్లా విర్‌బీఆర్0 చిరునామా ఒకటే: 192.168.122.1. ఈ సర్వర్లే వర్చువల్ మెషీన్లు. వీటి లోపల మేము మళ్లీ వర్చువల్ మెషీన్లు నడపడం లేదు.

ప్యాచ్ వేయడానికి ముందు క్లస్టర్ పరిశీలన సాధనం సీఎల్‌యూవీఎఫ్‌వై నడిపితే, ఒకే ఐపీ చిరునామా రెండు నోడ్ల మీదా ఉందంటూ పీఆర్‌వీజీ-1172 సందేశం వచ్చింది. తీసేద్దామని నా అభిప్రాయం. ఇన్నేళ్లుగా ఇబ్బంది పెట్టనిదాన్ని ఎందుకు కదిలించాలని మా బృందంలోని పెద్దలు అంటున్నారు. ఇలాంటి సర్వర్లు చూసుకునేవారు ఏం చేస్తున్నారో చెప్పగలరా?

నల్లరేగడి

తీసేయండి. ఎందుకో వివరంగా చెబుతాను. ఎవరూ వాడని పరికరం కాబట్టి దాని వల్ల ఏమీ జరగదు అనుకోవడమే ఈ వ్యవహారంలో అసలు చిక్కు.

విర్‌బీఆర్0 అనేది లిబ్‌విర్ట్ తన గెస్ట్ మెషీన్ల (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్ల) కోసం కట్టుకునే బ్రిడ్జ్, అంటే వాటిని కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్. లిబ్‌విర్ట్‌లో ‘డిఫాల్ట్’ అనే నెట్‌వర్క్ ముందే నిర్వచించి ఉంటుంది. ఆ సేవ మొదలవగానే బ్రిడ్జ్ లేస్తుంది, 192.168.122.0/24 సబ్‌నెట్‌ను తనదిగా చేసుకుంటుంది. గెస్ట్‌లకు చిరునామాలు పంచడానికి, పేర్లు చెప్పడానికి డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రక్రియ మొదలవుతుంది. ఆ గెస్ట్‌ల ప్యాకెట్లను బయటకు పంపడానికి లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో నాట్ (చిరునామా మార్చే) నియమాలు చేరతాయి. వీటన్నిటికీ తోడు కెర్నెల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఇతరుల ప్యాకెట్లను ముందుకు పంపే సెట్టింగ్) 1, అంటే ఆన్ అవుతుంది. ఒక్క గెస్ట్ కూడా లేకపోయినా ఇవన్నీ జరుగుతాయి. మీ డేటాబేస్ సర్వర్ తన పని కాని రూటర్ పనికి సిద్ధమై కూర్చుంటుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రూటింగ్ పట్టిక. గెస్ట్‌లు లేనప్పుడు విర్‌బీఆర్0 మీద క్యారియర్ (లింక్ సంకేతం) ఉండదు, స్థితి డౌన్ అని కనిపిస్తుంది. అది చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ 192.168.122.0/24కు వెళ్లే దారి మాత్రం పట్టికలో అలాగే ఉంటుంది. రేపు మీ నెట్‌వర్క్ బృందం ఏదో కొత్త కార్యాలయానికో, వీపీఎన్ వాడుకరులకో అదే సబ్‌నెట్ కేటాయించిందనుకోండి. వారి అభ్యర్థనలు డేటాబేస్ దాకా వస్తాయి, జవాబులు మాత్రం గేట్‌వే వైపు వెళ్లకుండా ఖాళీ బ్రిడ్జ్ వైపు మళ్లి అక్కడే ఆగిపోతాయి. మిగతా వాడుకరులందరికీ డేటాబేస్ చక్కగా పనిచేస్తుంటుంది. ఆ ఒక్క కార్యాలయానికే అనుసంధానం కుదరదు. ఫైర్‌వాల్ వారిని, లిజనర్‌ను (డేటాబేస్ అనుసంధానాలు అందుకునే ప్రక్రియను), అప్లికేషన్ వారిని అందరినీ ప్రశ్నించాక గాని సర్వర్‌లో ‘ఐపీ రూట్ గెట్’ అని దారి అడిగి చూడాలని ఎవరికీ తోచదు.

కొల్లేటికొంగ

నల్లరేగడి గారు చెప్పిన విషయాలు సాంకేతికంగా సరైనవే. నేను మాత్రం ఉండనివ్వమనే అంటాను.

క్లస్టర్ ఏ ఇంటర్‌ఫేస్‌లను వాడాలో మనమే చెబుతాం. గ్రిడ్ (ఒరాకిల్ క్లస్టర్ సాఫ్ట్‌వేర్) స్థాపించేటప్పుడు వచ్చే జాబితాలో విర్‌బీఆర్0 ఎదురుగా ‘వాడవద్దు’ అని ఎంచుకుంటే సరిపోతుంది. పీఆర్‌వీజీ-1172 ఎందుకు వస్తుందో మనకు తెలుసు. ప్యాచ్ పత్రంలో ఆ కారణం రాసి ముందుకు సాగవచ్చు. ఇక సబ్‌నెట్ ఢీకొనడం అంటారా, అది నెట్‌వర్క్ ప్రణాళికలో చూసుకోవలసిన సంగతి.

నా భయం వేరే చోట ఉంది. ‘అనవసరమైన నెట్‌వర్క్ పరికరాలు తీసేద్దాం’ అన్న ఉత్సాహం ఒక్క విర్‌బీఆర్0 దగ్గర ఆగదు. తర్వాత ఎవరో వీఎంవేర్ ఇచ్చిన నెట్‌వర్క్ కార్డుల వైపు చూస్తారు. ఈఎన్ఎస్192 పబ్లిక్ అని తెలుసు, ఈఎన్ఎస్224కు గేట్‌వే లేదు, పేరు నమోదు కూడా లేదు కాబట్టి వాడనిదని తీర్మానిస్తారు. అది నోడ్ల మధ్య నడిచే ప్రైవేటు ఇంటర్‌కనెక్ట్ కావచ్చు. దాన్ని హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే పొర) నుంచి తీసిన క్షణంలో నోడ్లు పరస్పరం పంపుకునే హృదయస్పందన సంకేతం ఆగుతుంది. లినక్స్‌లో ఆ సంకేతం కోసం ఎదురుచూసే గడువు, సీఎస్ఎస్ మిస్‌కౌంట్, సాధారణ విలువ 30 సెకన్లు. ఆ 30 సెకన్లు దాటితే ఒక నోడ్ క్లస్టర్ నుంచి గెంటివేతకు గురవుతుంది. పట్టపగలు అలాంటిది జరిగితే సమాధానం చెప్పుకోవలసింది సర్వర్ చూసుకునేవారే. నడుస్తున్న ర్యాక్ మీద శుభ్రత పేరుతో చేయి పెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

గోదారిగట్టు

భద్రత వైపు నుంచి ఒక మాట. కొల్లేటికొంగ గారు రూటింగ్ గురించే మాట్లాడారు గాని డీఎన్ఎస్‌మాస్క్‌ను వదిలేశారు. అది రూట్ హక్కులతో మొదలై 53వ పోర్టు దగ్గర వింటూ ఉండే ప్రక్రియ. 2021 జనవరిలో ‘డీఎన్ఎస్‌పూక్’ పేరుతో దానిలో 7 లోపాలు బయటపడ్డాయి. విర్‌బీఆర్0 దగ్గర వినే ప్రతిని బయటి నుంచి చేరుకోవడం తేలిక కాదని ఒప్పుకుంటాను. అయినా డేటాబేస్ సర్వర్‌కు ఏమాత్రం అక్కరలేని సేవకు ప్రతిసారీ ప్యాచ్ వేస్తూ, ప్రతి తనిఖీలోనూ దాన్ని సమర్థించుకుంటూ ఎందుకు కూర్చోవాలి? రూటర్ కాని సర్వర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ 0గా ఉండాలని సీఐఎస్ భద్రతా ప్రమాణాలు అడుగుతాయి. మనం 0 అని రాసిపెట్టినా, లిబ్‌విర్ట్ తన నెట్‌వర్క్‌ను లేపినప్పుడు దాన్ని మళ్లీ 1 చేస్తుంది.

ఇంకొకటి. ఆస్తుల జాబితా తయారుచేసే సాధనాలు ప్రతి సర్వర్ నుంచీ చిరునామాలు సేకరిస్తాయి. డజన్ల కొద్దీ సర్వర్లు 192.168.122.1 అని చెబితే ఆ జాబితాను ఎవరు నమ్ముతారు?

శ్రీకాకుళం_పోస్ట్‌గ్రెస్

కొంచెం నెమ్మదించండి. ‘వర్చువల్ పరికరం’ అనగానే అనవసరం అనే అర్థం రాదు. మా పోస్ట్‌గ్రెస్ సర్వర్లలో డాకర్ కంటైనర్ల బ్రిడ్జ్ డాకర్0 ఉంది, 172.17.0.0/16 దానిది. పర్యవేక్షణ ఏజెంట్ కంటైనర్‌లో నడుస్తుంది. అది లేకపోతే డిస్కు నిండుతున్నదని మాకు తెలియదు. అలాగే ఒక సర్వర్ నిజంగానే కేవీఎం (లినక్స్ హైపర్‌వైజర్) హోస్ట్ అయి, దాని గెస్ట్‌లు డిఫాల్ట్ నెట్‌వర్క్ మీదే ఉంటే విర్‌బీఆర్0 తీసినవారు గెస్ట్‌లందరి దారీ మూసినట్టే. ముందు లిబ్‌విర్ట్ ఆదేశం ‘విర్ష్ లిస్ట్ --ఆల్’తో గెస్ట్‌ల జాబితా చూడండి, ఆ బ్రిడ్జ్‌కు ఏవి తగిలించి ఉన్నాయో చూడండి. తుంగభద్ర గారి సర్వర్లలో విర్‌బీఆర్0-నిక్ తప్ప ఇంకేమీ కనిపించకూడదు.

నల్లరేగడి

కొల్లేటికొంగ గారూ, మీ ఇంటర్‌కనెక్ట్ భయం న్యాయమైనది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే అది జవాబు దొరకని భయం కాదు. ‘ఓఐఎఫ్‌సీఎఫ్‌జీ గెట్‌ఇఫ్’ అని అడిగితే పబ్లిక్ ఏదో, క్లస్టర్ ఇంటర్‌కనెక్ట్ ఏదో క్లస్టరే చెబుతుంది. ఆ జాబితాలో ఉన్నదాన్ని ముట్టుకోం. అందులో విర్‌బీఆర్0 ఉండదు. హైపర్‌వైజర్ ఇచ్చిన కార్డులకు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల సాఫ్ట్‌వేర్ పుట్టించిన బ్రిడ్జ్‌కు ఈ తేడా పాటిస్తే చాలు: మొదటి రకాన్ని ఈ పనిలో చేర్చవద్దు.

‘ఐపీ లింక్ డిలీట్’ అని నేరుగా పరికరాన్ని చెరిపేవారు కొందరున్నారు. అది తప్పు. లిబ్‌విర్ట్ లెక్కలో నెట్‌వర్క్ బతికే ఉంటుంది, రీబూట్ కాగానే అన్నీ తిరిగి వస్తాయి. పుట్టించినవాడి చేతే ఆపించాలి. ‘విర్ష్ నెట్-డెస్ట్రాయ్ డిఫాల్ట్’ అంటే బ్రిడ్జ్, డీఎన్ఎస్‌మాస్క్, నాట్ నియమాలు పోతాయి. ‘విర్ష్ నెట్-ఆటోస్టార్ట్ డిఫాల్ట్ --డిసేబుల్’ అంటే మళ్లీ తనంతట తాను లేవదు. నిర్వచన ఫైలు మాత్రం డిస్కు మీద భద్రంగా ఉంటుంది. ఏదైనా తేడా వస్తే ‘నెట్-స్టార్ట్’ అన్న ఒక్క ఆదేశంతో పూర్వస్థితికి రావచ్చు. మార్పు అనుమతి పత్రంలో వెనక్కి తీసుకునే విధానం ఇంతకంటే సులభంగా ఉండే పని మన వృత్తిలో అరుదు.

ఐపీ ఫార్వర్డింగ్ విలువ ఆ ఆదేశాలతో తనంతట 0కు దిగదు. దాన్ని విడిగా మార్చాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

కొల్లేటికొంగ

వెనక్కి తీసుకునే మార్గం అంత సులభమని చెప్పాక నా అభ్యంతరంలో సగం తగ్గింది. మిగతా సగం సమయం గురించి. ప్యాచ్ వేసే రాత్రే ఈ పని కూడా పెట్టవద్దు. రెండు మార్పులు ఒకే రాత్రి చేసి, తెల్లవారాక ఏదైనా ఆగితే ఏది కారణమో తేల్చలేం. ఒక నోడ్‌లో చేసి, కొన్ని రోజులు గమనించి, రెండో నోడ్‌కు వెళ్లండి. కొత్త సర్వర్ల టెంప్లేట్ విషయంలో నాకు వాదన లేదు: కనీస స్థాపన చాలు, అందులో ఈ ప్యాకేజీలు అసలు ఉండకూడదు.

గోదారిగట్టు

నేనైతే అక్కడితో ఆగను. లిబ్‌విర్ట్ ప్యాకేజీలనే తొలగించాలి. ఆపి ఉంచిన సేవను రేపు ఇంకెవరో తెలియక మొదలుపెట్టవచ్చు.

నల్లరేగడి

టెంప్లేట్‌లో సరే. నడుస్తున్న సర్వర్‌లో ప్యాకేజీ తీయమంటే దాని మీద ఆధారపడినవన్నీ కలిసి పోతాయి. ఆ జాబితా పూర్తిగా చదవకుండా ‘అవును’ అనకూడదు. లిబ్‌విర్ట్‌డీని (లిబ్‌విర్ట్ సేవను) డిసేబుల్ చేసి ఆపడం వరకు నేను వెళ్తాను. మరో జాగ్రత్త: వర్చువలైజేషన్ పేరున్నవన్నీ తీసేస్తున్నామన్న ఊపులో ఓపెన్-వీఎం-టూల్స్ తీసేయవద్దు. కేవీఎం గెస్ట్ అయితే క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్‌ను కూడా. అవి హైపర్‌వైజర్‌తో మాట్లాడేవి, వాటి అవసరం ఉంది.

తుంగభద్ర

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు రెండు నోడ్లలోనూ చూశాను. ‘విర్ష్ లిస్ట్ --ఆల్’ ఖాళీ. బ్రిడ్జ్‌కు విర్‌బీఆర్0-నిక్ ఒక్కటే తగిలించి ఉంది. ‘గెట్‌ఇఫ్’లో ఈఎన్ఎస్192, ఈఎన్ఎస్224 మాత్రమే ఉన్నాయి. మా నెట్‌వర్క్ బృందాన్ని అడిగితే 192.168 శ్రేణిలో కొత్త శాఖలకు సబ్‌నెట్లు ఇవ్వబోతున్నామని చెప్పారు. ఆ మాట విన్నాక మా పెద్దలు ఒప్పుకున్నారు.

ప్యాచ్ ముందుగా అనుకున్న రాత్రే జరుగుతుంది, సందేశానికి కారణం రాసి పెడతాం. దాని తర్వాతి నిర్వహణ విరామంలో రెండో నోడ్ మీద డిఫాల్ట్ నెట్‌వర్క్ ఆపి, ఆటోస్టార్ట్ తీసి, ఫార్వర్డింగ్ 0 చేసి, రీబూట్ తర్వాత కూడా అలాగే ఉందో లేదో చూసి, మళ్లీ సీఎల్‌యూవీఎఫ్‌వై నడుపుతాను. మొదటి నోడ్ దాని తర్వాత. ప్యాకేజీల తొలగింపు మీద గోదారిగట్టు గారితో మా బృందంలో ఇంకా ఎవరూ ఏకీభవించలేదు. ఆ జాబితా తీసి ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.