అప్‌డేట్: బాబు మత్తు, కార్నిటిన్ సిరప్ సంగతి

ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడుతున్న మా తొమ్మిదేళ్ల బాబు పగలంతా మత్తుగా ఉంటున్నాడు, డాక్టరు గారు కార్నిటిన్ సిరప్ రాశారు, మెదడుకీ దానికీ ఏం సంబంధం అని పోయిన నెల అడిగాను. రక్తంలో అమ్మోనియా (లివర్ శుభ్రం చేయాల్సిన వ్యర్థం) ఎంతుందో చూపించమన్న వాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నా. కావలి నుంచి నెల్లూరు తీసుకెళ్లి చేయించాం. ఎక్కువే ఉంది.

డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. పొడవాటి కొవ్వు ఆమ్లాలు కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా లోపలికి వాటంతట అవి పోలేవు, మోసుకెళ్లేది కార్నిటినే. వాల్‌ప్రోయేట్ దానికి అతుక్కుని, దాన్ని కూడా మూత్రంలో తీసుకుపోతుంది. అలా కార్నిటిన్ నిల్వ తగ్గితే లివర్ పని కుంటుపడి అమ్మోనియా పేరుకుంటుంది, అది మెదడుకెక్కితే ఈ మత్తు.

మెదడు ముఖ్యంగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది కదా, కొవ్వు మోసేదానితో పనేంటి అనుకునేదాన్ని. కానీ ఆకలిగా ఉన్నప్పుడు లివర్ కొవ్వుని కీటోన్లుగా (గ్లూకోజ్ బదులు మెదడు వాడుకునే ఇంధనంగా) మార్చి మెదడుకి పంపాలన్నా కార్నిటిన్ ఉండాల్సిందేనట. అందుకే బాబుని ఖాళీ కడుపుతో బడికి పంపొద్దన్నారు.

మటన్ పెట్టమని మా అత్తయ్య పోరు. మాంసంలో కార్నిటిన్ ఉన్న మాట నిజమే, కానీ వీడికి అదొక్కటే చాలదన్నారు. వాల్‌ప్రోయేట్ డోసు డాక్టరు గారే తగ్గించారు. దయచేసి ఎవరూ సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ తిరగబడతాయి.

నిన్న పొద్దున అరుగు మీద కూర్చుని కారం దోసె తిని, వేళ్లు నాక్కుంటూ "అమా, ఇంకోటి" అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో.