అప్‌డేట్: డబ్బు చెల్లించిన ఎస్‌ఎస్‌డీ కంప్యూటర్‌లో లేదని తేలింది

ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించుకున్న కంప్యూటర్‌లో ఫైళ్ల కాపీ వేగం సెకనుకు 530 మెగాబైట్లు దాటడం లేదని, బిల్లులో రాసిన ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్‌లలో చాలా వేగవంతమైన రకం) నిజంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని లోగడ అడిగాను. మీరు సూచించినట్లు డ్రైవ్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూడగా, ఇంటర్‌ఫేస్ వద్ద సీరియల్ ఏటీఏ (సాటా, అంటే ఎన్‌వీఎమ్‌ఈ కన్నా నెమ్మదైన పాత పద్ధతి) అని కనిపించింది. కేబినెట్ విప్పి చూస్తే, మదర్‌బోర్డు మీది ఎం.2 స్లాట్‌లోనే (రెండు రకాల సన్నని డ్రైవ్‌లూ పట్టే చోటు) బిగించి ఉన్నప్పటికీ, అది కనెక్టర్ అంచున రెండు గాట్లున్న సాటా డ్రైవ్. ఆకారం ఒకటే కావడంతో తేడా సులభంగా తెలియదు గానీ, సాటా 3 గరిష్ఠ హద్దు సెకనుకు 6 గిగాబిట్లే (ఆచరణలో సుమారు 550 మెగాబైట్లు) కనుక వేగం అక్కడే ఆగిపోతోంది. (కొన్ని ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌లకూ రెండు గాట్లుంటాయి కాబట్టి, లేబుల్ మీది మోడల్ నంబరును కూడా సరిచూశాను.) ఎంతో నమ్మి కొన్నందుకు చాలా బాధ కలిగింది. ఫొటోలు, బిల్లు జతచేసి రాతపూర్వకంగా అడిగాక, విక్రేత సరైన డ్రైవ్ పంపడానికి అంగీకరించారు. అది చేతికందేవరకు పాతదాన్ని తిరిగి ఇవ్వబోవడం లేదు.