వెజ్ లో మేన్‌లో ఆయిస్టర్ సాస్: ఒక్క స్టార్ ఇవ్వడం తప్పా?

పొన్నూరు అమ్మాయి:
మేముండేది న్యూజెర్సీలో. మా అపార్ట్‌మెంట్ల వెనకాల, లాండ్రీ షాపు పక్కన ఒక చైనీస్ టేకవుట్ ఉంది. అమ్మ ఊరి నుంచి వచ్చి నెలన్నర అయింది. ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. పోయిన శుక్రవారం నాకు ఆఫీసు పని తెమల్లేదు. వండే ఓపిక లేక ఆ షాపుకి ఫోన్ చేసి, "వెజిటబుల్ లో మేన్, నో మీట్, నో చికెన్, నో ఎగ్" అని రెండుసార్లు చెప్పాను. లో మేన్ అంటే సాస్ కలిపి వేయించే నూడుల్స్. "ఓకే, టెన్ మినిట్స్" అన్నారు. అమ్మ ఇష్టంగా తిన్నది. మన సేమ్యా ఉప్మాలాగే ఉందే అని కూడా అంది.

ఆదివారం బాబుకి ఫ్రైడ్ రైస్ తేవడానికి నేనే వెళ్ళాను. కౌంటర్ దగ్గర నిలబడితే వంటగది కనిపిస్తుంది. వంటాయన పెద్ద రేకు డబ్బాలోంచి నల్లటి సాస్ గరిటెతో తీసి బాణలిలో పోస్తున్నాడు. డబ్బా మీద ఆల్చిప్పల బొమ్మ. ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల నుంచి తీసిన సాస్. వెజ్ లో మేన్‌లో కూడా ఇదే వేస్తారా అని అడిగాను. "ఎస్, బ్రౌన్ సాస్, సేమ్ సాస్" అంది కౌంటర్లో ఉన్నావిడ.

అమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి తలస్నానం చేసింది. రాత్రి మజ్జిగ తాగి పడుకుంది. నాకు కడుపు రగిలిపోయింది. అప్పుడే రివ్యూ పెట్టాను: "వెజ్ అని చెప్పి మాంసాహారం పెడతారు, మోసం, ఎవరూ వెళ్ళకండి." ఒక్క స్టార్. తెల్లారేసరికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇద్దరు నన్ను తప్పుపట్టారు. పొట్టకూటి కోసం నడుపుకునే షాపు మీద అలా రాయొచ్చా అని. నేను చేసింది నిజంగా తప్పా?

ఓరుగల్లు వాసి:
తప్పేమీ కాదక్కా. నో మీట్ అని రెండుసార్లు చెప్పారు. అంతకంటే ఏం చెప్పాలి? మా నాన్నకి ఇలాగే జరిగింది, వేరే షాపులో. హాట్ అండ్ సోర్ సూప్‌లో సన్నటి ముక్కలు కనిపిస్తే పుట్టగొడుగులనుకుని తాగాడు. తీరా చూస్తే పోర్క్. డబ్బులు తీసుకునేవాడికి ఏం వేస్తున్నాడో చెప్పే బాధ్యత ఉండదా? ఒక్క స్టార్ ఇస్తేనే తర్వాత వెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది.

బందరు బాబాయి:
అమ్మాయీ, మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మీరు రాసిన "మోసం" అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. మోసం చేసేవాళ్ళయితే మీరు అడగగానే సేమ్ సాస్ అని ఎందుకు చెబుతారు?

నేను ఇలాంటి షాపుల్లోనే ఇరవై ఏళ్ళుగా తింటున్నాను. మా వీధి షాపు సంగతి చెబుతాను. భార్యాభర్తలిద్దరే. ఆయన పొయ్యి దగ్గర, ఆవిడ ఫోను దగ్గర. పిల్లాడు బియ్యం బస్తాల పక్కన ఉన్న బల్ల మీద హోంవర్క్ చేసుకుంటూ, వాళ్ళమ్మకి అర్థం కాని ఆర్డర్ వస్తే వచ్చి ఫోను అందుకుంటాడు. మంచు తుఫానుకి పెద్ద పెద్ద హోటళ్ళు మూసేసిన రోజున కూడా వాళ్ళ లైటు వెలుగుతూనే ఉంటుంది. నాకు జ్వరం వచ్చి ఒక్కణ్ణే ఉన్నప్పుడు తాగిన వేడి వాంటన్ సూప్ వాళ్ళదే.

ఇక్కడి వీధి టేకవుట్లలో చాలావాటిని చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం నుంచి, అందులోనూ ఫుజౌ చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్ళు నడుపుతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది 1980ల తర్వాత వచ్చినవాళ్ళు. మెనూలో ఉన్న నూట చిల్లర వంటకాల పేర్లు ఇంగ్లీషులో చెప్పగలరు. అంతకు మించి మాట్లాడాలంటే కష్టపడతారు. మీరు "నో మీట్" అన్నారు, ఆవిడ మీట్ వెయ్యలేదు. ఆవిడ లెక్కలో సాస్ అంటే సాసే.

కొత్తిమీర కట్ట:
వెజ్ సంగతి పక్కన పెడితే, అసలు ఈ షాపుల్లో రుచి ఎక్కడుందండీ? అంతా తీపి, కారం ఊసే లేదు. మనూళ్ళో సాయంత్రం బండి దగ్గర తిన్న గోబీ మంచూరియా ముందు ఇదెంత? జనరల్ సోస్ చికెన్ అంటారు, పాకం పట్టిన పకోడీలా ఉంటుంది. పైగా మా చైనా కొలీగ్ కూడా ఇది చైనీస్ కాదనే అంటాడు. అలాంటప్పుడు తక్కువ స్టార్లు రాక ఏమొస్తాయి?

పాత పేపర్లు:
కొత్తిమీర గారూ, మీ బండి మంచూరియా కూడా చైనాలో దొరకదు కదండీ. కోల్‌కతాలో పుట్టి పెరిగిన చైనా సంతతి వంటమనిషి నెల్సన్ వాంగ్ 1975లో ముంబై క్రికెట్ క్లబ్‌లో చికెన్ మంచూరియన్ మొదలుపెట్టారని చెబుతారు. మన పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ కలిపారట. మన నాలుకకి నచ్చేలా వండారు.

ఇక్కడా అంతే. జనరల్ సోస్ చికెన్‌ని చైనాలోని హునాన్ నుంచి తైవాన్ వెళ్ళిన పెంగ్ చాంగ్ క్వెయ్ 1950ల్లో తయారుచేశారు. అప్పుడు అందులో తీపి లేదు. 1970ల్లో న్యూయార్క్ చేరాకే చక్కెర కలిసింది, కరకరలాడే పిండి పూత వచ్చింది. ఇక్కడ కొనేవాళ్ళకి అదే నచ్చింది.

ఇంకో సంగతి. 1882లో అమెరికా చైనా కూలీల రాకని చట్టం చేసి ఆపేసింది. 1943 దాకా అది నడిచింది. వ్యాపారులకి మాత్రం మినహాయింపు ఉండేది. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులు కూడా వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. అలా హోటల్ పెట్టడమే సొంతవాళ్ళని తెచ్చుకునే దారి అయింది. ఆ రోజుల్లో మనవాళ్ళ సంగతీ అంతే. వలసలని ఆపిన 1917 అమెరికా చట్టం మన దేశాన్ని కూడా నిషేధపు గీత లోపలే పెట్టింది. కాబట్టి "అసలు చైనీస్ కాదు" అని స్టార్లు కొయ్యడం నాకు న్యాయంగా అనిపించదు. ఇది అమెరికాలో బతకడానికి వచ్చిన చైనావాళ్ళు అమెరికావాళ్ళ కోసం వండిన వంట. అది ఎంత బాగా వండారన్నదే చూడాలి.

సీతాఫలం:
అజినోమోటో గురించి ఎవరూ మాట్లాడరేం? తిన్న రాత్రి నాకు తలనొప్పి ఖాయం. నేను రెండు స్టార్లు ఇచ్చింది అందుకే.

పాత పేపర్లు:
సీతాఫలం గారూ, మీ తలనొప్పి నిజం కాదని నేననను. దానికి కారణం అదేనా అన్నదే ప్రశ్న. 1968లో రాబర్ట్ హో మన్ క్వాక్ అనే డాక్టర్ ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశారు. చైనీస్ హోటల్లో తిన్నాక మెడ వెనక తిమ్మిరెక్కుతోంది, వంటలో వేసే వైన్ వల్లో, ఉప్పు వల్లో, ఆ టేస్టింగ్ సాల్ట్ వల్లో అని. జనం మొదటి రెండూ వదిలేసి మూడోది పట్టుకున్నారు. చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్ అని ఒక జబ్బు పేరే పుట్టింది.

అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే సంస్థ ఎఫ్‌డీఏ అజినోమోటోని సురక్షితమైన పదార్థాల్లోనే ఉంచింది. ఏ ఆహారమూ లేకుండా ఒకేసారి మూడు గ్రాములు, అంతకు మించి తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి లాంటివి రావచ్చని, మామూలుగా వంటకంలో ఒకరి వాటాకి అర గ్రాము కూడా ఉండదని చెబుతుంది. అజినోమోటోలో ఉండే గ్లూటమేట్ టమాటాలోనూ, చీజ్‌లోనూ సహజంగానే ఉంటుంది. పిజ్జా తిని ఎవరూ ఆ మాట అనరు. ఉప్పు ఎక్కువైందంటే రాయండి, నేనూ ఒప్పుకుంటాను. సోయా సాస్‌తో వండే వంటల్లో ఉప్పు నిజంగానే ఎక్కువ.

వంటింటి మనిషి:
నేను టెక్సాస్‌లో చిన్న ఇండియన్ టేకవుట్ నడుపుతున్నాను. ఈ గొడవ నాకు బాగా దగ్గరిది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట ఒకమ్మాయి వచ్చి తను వీగన్ అని చెప్పి పప్పు, అన్నం తీసుకెళ్ళింది. మర్నాడు వచ్చి పప్పులో ఏం తాలింపు వేశారని అడిగింది. నెయ్యి అని చెప్పాను, గొప్పగానే చెప్పాను. మనకి నెయ్యి కంటే పవిత్రమైనది ఏముంది? ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. ఆరేళ్ళుగా పాలు, వెన్న ఏదీ ముట్టలేదట. నేను మోసం చేశానా? లేదు. నా తప్పు లేదా? ఉంది. వీగన్ అన్న మాటకి ఆ అమ్మాయి మనసులో ఉన్న అర్థం ఒకటి, నా మనసులో ఉన్నది ఇంకొకటి. అడిగి తెలుసుకోవాల్సింది నేనే.

ఆ అమ్మాయి కూడా రివ్యూ రాసింది. "పప్పులో నెయ్యి వేస్తారు, వీగన్‌లు ముందుగా అడగండి" అని. రెండు స్టార్లు. ఆ వారమే నేను మెనూలో గుర్తులు పెట్టించాను. అదే ఆవిడ "మోసగాళ్ళు" అని రాసి ఉంటే నేను కోపంతో జవాబు రాసేవాణ్ణి తప్ప మెనూ మార్చేవాణ్ణి కాదు. ఇది నా మనసులో మాట.

స్టార్ల సంగతి కూడా తెలుసుకోండి. డెలివరీ యాప్‌లు ఆర్డర్ మీద 15 నుంచి 30 శాతం దాకా తీసుకుంటాయి. స్టార్లు తగ్గితే ఆ యాప్‌లో మన పేరు కిందికి పోతుంది. పెద్ద హోటల్‌కి వందల రివ్యూల్లో ఒకటి పోతే లెక్క కాదు. నలభై రివ్యూలున్న షాపుకి వరసగా రెండు ఒక్క స్టార్లు పడితే శనివారం ఫోను మోగదు.

ఓరుగల్లు వాసి:
అన్నా, మీరు మెనూ మార్చారు, మంచిది. మార్చనివాళ్ళ సంగతేంటి? మన దేశంలో శాకాహారమైతే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క తప్పనిసరి. ఇక్కడ అలాంటిది లేదు. పైగా ఇక్కడి చట్టం ప్రత్యేకంగా హెచ్చరించమనే అలర్జీ పదార్థాల జాబితాలో రొయ్యలు, పీతలు ఉన్నాయి కానీ ఆల్చిప్పలు లేవు. చట్టం పట్టించుకోనప్పుడు కొనేవాడి చేతిలో ఉన్నది ఆ రివ్యూ ఒక్కటే. దాన్ని మెత్తగా రాయమంటే ఎలా?

మైదుకూరు:
వాదన ఎటైనా పోనీండి, పనికొచ్చే మాట ఒకటి చెబుతా. మెనూలో "వెజిటబుల్" అంటే కూరగాయలు వేశారని మాత్రమే అర్థం. అందులో గుడ్డు నూడుల్స్ ఉండొచ్చు, చికెన్ ఉడికించిన నీళ్ళు ఉండొచ్చు. మాపో టోఫు పేరులో టోఫు (సోయా పన్నీరు) ఉన్నా దాని మీద ఖీమా చల్లడం మామూలే.

శాకాహారాన్ని చైనావాళ్ళు "సు" అంటారు. బౌద్ధుల్లో సు తినేవాళ్ళు చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు, కార్తీకమాసంలో మన ఇళ్ళలో మానేసినట్టే. కాబట్టి ఆ ఆలోచన వాళ్ళకి కొత్త కాదు. "నో ఆయిస్టర్ సాస్, నో చికెన్ బ్రాత్, నో ఎగ్, ఓన్లీ సోయా సాస్" అని కాగితం మీద రాసి చూపించండి. ఫోన్లో కాదు, రద్దీ వేళ అసలే కాదు. పుట్టగొడుగులతో చేసే వెజ్ ఆయిస్టర్ సాస్ కూడా ఉంటుంది, అది తెప్పించగలరేమో అడగండి.

పొన్నూరు అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. వంటింటి మనిషి గారు రాసిన నెయ్యి సంగతి చదివాక నిద్ర పట్టలేదు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, షాపు ఖాళీగా ఉన్నప్పుడు, కాగితం రాసుకుని వెళ్ళాను. వాళ్ళ పెద్దమ్మాయి స్కూలు నుంచి అప్పుడే వచ్చింది, హైస్కూల్ పిల్ల. ఆ కాగితం చదివి వాళ్ళమ్మకి చెప్పింది. నేను అమ్మ స్నానం సంగతి కూడా చెప్పాను. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. "మా అమ్మమ్మ కూడా నెలకి రెండు రోజులు సు తింటుంది, ఆ రోజుల్లో బాణలి కూడా వేరే" అని ఆ పిల్ల చెప్పింది.

తర్వాత లోపలి నుంచి ఒక్కొక్క ప్యాకెట్ తెచ్చి చూపించారు. లో మేన్ నూడుల్స్‌లో గుడ్డు ఉంది, కాబట్టి అది వద్దన్నారు. వైట్ సాస్‌లో చికెన్ రసం ఉంది, అదీ వద్దు. సన్నటి బియ్యపు నూడుల్స్, మెయ్ ఫన్, అందులో ఏమీ లేదు. అల్లం, వెల్లుల్లి, సోయా సాస్‌తో చేసి ఇస్తామన్నారు. పొయ్యి పక్కనే కుళాయి ఉంది, ఒక్కో వంటకం అయ్యాక బాణలి కడిగి బ్రష్‌తో రుద్దడం చూశాను. వేయించే నూనె మాత్రం అన్నిటికీ ఒకటే, స్ప్రింగ్ రోల్ తీసుకోవద్దని వాళ్ళే చెప్పారు.

రివ్యూ మార్చాను. ఇప్పుడు ఇలా ఉంది: "వెజిటబుల్ అని ఉన్నవాటిలో ఆయిస్టర్ సాస్, చికెన్ రసం, గుడ్డు ఉంటాయి. మెనూలో రాయలేదు. అడిగితే దాచకుండా చెబుతారు, వేరేగా చేసి ఇస్తారు. పూర్తి శాకాహారులు రద్దీ లేని వేళ వెళ్ళి మాట్లాడండి." మూడు స్టార్లు. మోసం అన్న మాట తీసేశాను.

ఓరుగల్లు వాసి:
రివ్యూ బాగుందక్కా. మూడు మాత్రం ఎక్కువే అంటాను. మెనూ మీద గుర్తు పడేదాకా నేనైతే రెండు దగ్గరే ఆగేవాణ్ణి.

బందరు బాబాయి:
ఓరుగల్లు అబ్బాయితో ఈ ఒక్కదానికి నేనూ ఒప్పుకుంటాను. ఆ గుర్తు ఉండాల్సిందే. అమ్మాయీ, మరి మీ అమ్మగారు మెయ్ ఫన్ తిన్నారా?

పొన్నూరు అమ్మాయి:
ఇంకా లేదు బాబాయి గారూ. ఆ పిల్ల మాటలు అమ్మకి చెప్పాను. వాళ్ళ అమ్మమ్మకి బాణలి వేరే పెడతారన్నది మాత్రం రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. శనివారం తనే నాతో షాపుకి వస్తానంది.