అరుపుల్లేని దయ్యం సినిమా ఏదైనా ఉందా?

అన్నలూ, అక్కలూ, ఒక సాయం. మాది కడప. ఇట్లాంటి సినిమాలు హాల్లో ఎక్కువ రోజులు ఆడవు, అందుకే ఇంట్లోనే రాత్రి పది దాటినాక లైట్లార్పి చూస్తాం.

‘మసూద’ (2022) మొదటి సగం చాలా బాగుంది. పక్కింటి అమ్మాయి మెల్లమెల్లగా మారిపోతుంటే నిజంగా భయమేసింది. చివర్లో రక్తం, పరుగులు ఎక్కువై ఆ భయం కాస్తా పోయింది. ‘విరూపాక్ష’ (2023)లో ఊరి వాతావరణం నచ్చింది, సౌండే మరీ ఎక్కువ. మనసులో నిలిచిపోయింది మాత్రం ‘భ్రమయుగం’ (2024). నలుపు తెలుపుల్లో తీసినారు, పాడుబడిన ఆ ఇల్లు, పట్టుమని నలుగురు లేని మనుషులు. మమ్ముట్టి ఊరికే కూర్చుని నవ్వితే చాలు, ఒళ్లు జలదరిస్తుంది! ‘తుంబాడ్’ (2018) కూడా అదే కోవ, ఆ వాన ఇంకా కళ్లముందే ఉంది.

ఓటీటీల్లో హారర్ అని వెతికితే కామెడీ కలిపినవే వస్తున్నాయి. భాషలు మార్చి చూసినా, యూట్యూబ్ జాబితాలు తిరగేసినా అవే పేర్లు. మా అమ్మ కూడా చూస్తుంది, సబ్‌టైటిల్స్ చదవలేదు, కాబట్టి తెలుగు ఆడియో తప్పనిసరి.

‘భ్రమయుగం’ మాదిరి నిదానంగా భయపెట్టే సినిమా, తెలుగుదైనా డబ్బింగైనా, మీరు ఈమధ్య చూసినవాటిలో ఏది?