డిక్స్-హాల్‌పైక్ కుడివైపు పాజిటివ్ అని ఉంటే కుడి చెవి కోడ్ వేసేయొచ్చా?

గుణుపూర్ కోడర్
అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా అమెరికా మెడికల్ చార్టులు కోడ్ చేస్తున్నా, అంటే డాక్టరు నోటు చదివి జబ్బుకి కోడ్ వేయడం, ఇప్పుడు గుణుపూర్‌లో ఇంటి నుంచే. నిన్న ఆడిట్‌లో ఒక ఎర్రర్ పడింది, ఎంత ఆలోచించినా ఒప్పుకోబుద్ధి కావట్లేదు. అవుట్‌పేషెంట్ చార్టు. అసెస్‌మెంట్‌లో డాక్టరు బీపీపీవీ (లోపలి చెవి వల్ల తల తిరిగే జబ్బు) అని మాత్రమే రాసి వదిలేశారు, ఏ చెవో లేదు. పైన ఎగ్జామ్‌లో చూస్తే "డిక్స్-హాల్‌పైక్ కుడివైపు పాజిటివ్" అని ఉంది, తల ఒక పక్కకి తిప్పి వెనక్కి పడుకోబెట్టి చేసే పరీక్ష అది. నేను హెచ్81.11 వేశాను, అంటే కుడి చెవి. ఆడిటర్ కొట్టేసి హెచ్81.10 వేయాలన్నారు, అంటే ఏ చెవో తెలియదని. కుడి అని కళ్లెదురుగా కనబడుతుంటే తెలియదని ఎలా వేస్తాం? మీరైతే ఏం చేసేవారు?

రాయగడ రీబటల్
రీబటల్ పెట్టు తమ్ముడూ, ఎర్రర్ ఒప్పుకోనని ఎదురు రాయి, వదలకు. గైడ్‌లైన్‌లోనే ఉంది కదా, అన్‌స్పెసిఫైడ్ వైపు కోడ్లు అరుదుగానే వాడాలని. పైగా 2021 అక్టోబరు నుంచి డాక్టరు వైపు రాయకపోతే ఇతర క్లినీషియన్ల నోటు నుంచి కూడా తీసుకోవచ్చు. నర్సు రాసింది పనికొస్తే డాక్టరు తన చేత్తో రాసిన ఎగ్జామ్ పనికిరాదా? ఏటి న్యాయం ఇది?

బరంపురం ఆడిటర్
నేనూ ఆడిటర్నే, తిట్టుకోకండి. ఎగ్జామ్‌లో ఉన్నది పరీక్ష ఫలితం, అసెస్‌మెంట్‌లో ఉన్నది జబ్బు. ఒకదాని నుంచి ఇంకోదాన్ని తేల్చడం డాక్టరు పని, మనది కాదు. బీపీ 160 ఉందని హైపర్‌టెన్షన్ కోడ్ వేసేస్తారా? వేయరు కదా. ఇదీ అంతే.

రాయగడ రీబటల్
పోలిక కుదరలేదు గురువుగారూ. అక్కడ జబ్బు పేరే రాయలేదు. ఇక్కడ జబ్బు రాశారు, మనం వెతుకుతున్నది వైపు ఒక్కటే. ఆయన "ప్రాబబుల్ బీపీపీవీ" అని రాసి ఉంటే నేనూ మీతోనే ఉండేవాణ్ణి, అవుట్‌పేషెంట్‌లో ప్రాబబుల్ అంటే జబ్బు కోడ్ వేయకూడదు, తల తిరగడం అనే లక్షణానికి వేసే ఆర్42తో సరిపెట్టుకోవాలి. ఇక్కడ ఆ అనుమానం లేదు.

పర్లాకిమిడి ఫిజియో
కోడింగ్ నాకు రాదు కానీ ఈ పరీక్ష వారానికి నాలుగైదుసార్లు చేస్తాను కాబట్టి మధ్యలో దూరుతున్నా. లోపలి చెవిలో సున్నపు రేణువులు ఉంటాయి, అవి తమ చోటు తప్పి అర్ధవృత్తాకార గొట్టాల్లోకి జారితే తల కదిపినప్పుడల్లా గిర్రున తిరుగుతుంది, అదీ బీపీపీవీ. ఎక్కువగా జారేది వెనక గొట్టంలోకి. అప్పుడు డిక్స్-హాల్‌పైక్‌లో ఏ చెవి కిందికి ఉన్నప్పుడు కళ్లు మెలితిరుగుతూ కొట్టుకుంటాయో ఆ చెవిదే తప్పు. ఇంతవరకు గుణుపూర్ తమ్ముడు చెప్పిందే కరెక్టు.

కానీ పక్క గొట్టంలోకి జారినప్పుడు కథ మారుతుంది. దానికి వెల్లకిలా పడుకోబెట్టి తల ఇటూ అటూ తిప్పే రోల్ టెస్ట్ చేస్తాం, రెండువైపులా పాజిటివ్ వస్తుంది. కళ్లు నేలవైపు కొట్టుకుంటే గట్టిగా వచ్చిన వైపు చెవిది తప్పు. పైకి కొట్టుకుంటే తిరగబడుతుంది, తక్కువగా వచ్చిన వైపుది తప్పు. ఇప్పుడు నోటులో "రోల్ టెస్ట్, కుడివైపు ఎక్కువ" అని ఉందనుకోండి, ఏ చెవి కోడ్ వేస్తారు?

రాయగడ రీబటల్
...ఇది మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు మేడమ్.

బరంపురం ఆడిటర్
థాంక్స్ మేడమ్. నేను చెప్పాలనుకున్నది ఇదే, చెప్పడం రాలేదంతే. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆ ఆడిటర్ నేరుగా హెచ్81.10 వేయమనడం కూడా తప్పే. రికార్డు చాలకపోయి, డాక్టర్ని అడిగే వీలు కూడా లేనప్పుడే అన్‌స్పెసిఫైడ్. అడిగే దారి ఉంటే ముందు క్వెరీ, అంటే డాక్టర్నే అడుగుతూ రాయడం.

గుణుపూర్ కోడర్
క్వెరీ పెడితే టార్గెట్ ఎవరు చేస్తారండీ, అది వచ్చేదాకా చార్టు హోల్డ్‌లో కూర్చుంటుంది. అయినా ఫిజియో మేడమ్ మాట చదివాక నా గొంతు కొంచెం తగ్గింది, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే చూశాను.

పోయిన చలికాలం తెల్లవారుజామున మా అమ్మ మంచం మీద అటు ఒత్తిగిలి "పైకప్పు తిరుగుతోందిరా" అని మంచంకోడు పట్టుకుని కేక వేసింది. ఇక్కడ ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒడియాలో "ముండ బులాఉచి?" అని అడిగారు. తల తిరుగుతోందా అని అర్థం, మనవైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు వింటే కొట్లాటకి దిగుతారు అది వేరే సంగతి. చీటీ మీద వెర్టిగో అని ఒక్క మాట రాసి బీటాహిస్టిన్ మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు. నౌపడ లైను రైల్లో పర్లాకిమిడి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు చీటీ అటూ ఇటూ తిప్పి చూసి "ఏ చెవి?" అన్నారు. చీటీలో ఉంటే కదా! మళ్లీ మొదటి నుంచి పడుకోబెట్టి తల వేలాడదీస్తే, రైలు తిప్పటతోనే సగం అయిపోయిన మనిషి, ఆయన చొక్కా మీదే కక్కేసింది. ఎడమ చెవి. ఎప్లీ, అంటే తల తిప్పుతూ ఆ రేణువుల్ని వాటి చోటికి చేర్చే పద్ధతి, చేసి పంపారు, రెండు రోజుల్లో మామూలైంది. ఆ వాంతి మాత్రం మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటున్నారు.

బరంపురం ఆడిటర్
అమ్మగారు బాగున్నారు కదా, అది చాలు. క్వెరీ పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకో, "కుడి చెవేనా?" అని అడగకు, అది జవాబు నోట్లో పెట్టినట్టే. కుడి, ఎడమ, రెండూ, ఇతరం, చెప్పలేను అని అన్నీ ఇచ్చి, నీకు కనబడిన ఎగ్జామ్ లైను కింద రాయి. ఆర్42 కూడా పక్కన తగిలించకు, హెచ్81 ఉంటే అది రాకూడదు, దానికి ఇంకో ఎర్రర్ పడుతుంది.

గుణుపూర్ కోడర్
అప్‌డేట్. జవాబు వచ్చింది. కుడి చెవి, వెనక గొట్టం అని డాక్టరు నోటుకి అడెండమ్ (చేర్పు) రాశారు. అంటే నేను వేసిన హెచ్81.11 కరెక్టే. ఎర్రర్ తీసేయమని మా ఆడిటర్ని అడిగితే, నువ్వు కోడ్ చేసిన రోజుకి నోటులో ఆ మాట లేదు కాబట్టి ఎర్రర్ ఎర్రరే అన్నారు.

రాయగడ రీబటల్
చెప్పానా, రీబటల్ పెట్టు.