అద్దె ఇంటి పెరట్లో కోళ్లు, వాటి గుడ్ల నిల్వ: ఇంగ్లండ్‌లో ఉన్నవారు సలహా ఇవ్వగలరు

మిల్టన్ కీన్స్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము గుంటూరు దగ్గరి పల్లె నుంచి ఈ వేసవిలోనే ఇక్కడికి వచ్చాము. అద్దెకు తీసుకున్న ఇంటి వెనుక చిన్న పెరడు, దాని చుట్టూ చెక్క దడి ఉన్నాయి. మాతో ఉన్న మా అత్తగారు జన్మంతా కోళ్ల మధ్య గడిపిన మనిషి. ఆ పెరడు చూసిన నాటి నుంచీ మూడు నాలుగు పెట్టలు తెచ్చుకుందామంటున్నారు. నేను అడగదలచినది ఒక్కటే. ఇంటి కోళ్లు పెట్టిన గుడ్లను కడిగి ఫ్రిజ్‌లో పెట్టాలా, కడగకుండా వంటింటి గట్టు మీదే ఉంచవచ్చా? ఇక్కడి దుకాణాల్లో గుడ్లు మామూలు అరల్లోనే ఉంటున్నాయి. డల్లాస్‌లో ఉన్న మా అక్క మాత్రం గుడ్డు ఒక్క పూట బయట ఉన్నా పారేయాల్సిందేనంటోంది.

స్లౌ నుంచి:

అమ్మా, గుడ్ల సంగతి గుడ్లు వచ్చాక చూసుకోవచ్చు. ముందు మీ అద్దె ఒప్పందం బయటికి తీసి, జంతువుల గురించీ పెరటి సంరక్షణ గురించీ ఏమి రాశారో ప్రతి వాక్యమూ చదవండి. మా సంగతి చెబుతాను. మేము మూడు కోళ్లను పెంచుతున్న రోజుల్లో, ఇంటి వ్యవహారాలు చూసే ఏజెంటు తరఫున తనిఖీకి ఒక కుర్రవాడు వచ్చాడు. కోళ్లు ఒంటి మీది పేలు వదిలించుకోవడానికి పొడి మట్టిలో గుంట చేసుకుని పొర్లుతాయని మనందరికీ తెలుసు. ఆ గుంటలు చూసి అతడు నివేదికలో ‘ఎలుక బొరియలు’ అని రాసి, ఫొటోలు కూడా జతచేశాడు. నేను కోళ్లని చూపించి చెప్పినా నవ్వి ఊరుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎలుకల నివారణకు ఒక బిల్లు, పెరడంతా కొత్త పచ్చిక పరచడానికి మరొక బిల్లు కలిపి డిపాజిట్‌లో కోత వేస్తామని ఉత్తరం పంపారు.

అదృష్టవశాత్తూ డిపాజిట్ చట్ట ప్రకారం రక్షణ పథకంలో ఉంది కాబట్టి, వివాదాన్ని ఆ పథకం మధ్యవర్తికి నివేదించాను. నష్టం జరిగిందని నిరూపించవలసిన బాధ్యత ఇంటి యజమానిదే. మేము చేరిన రోజు ఇంటి స్థితిని రాసి తయారుచేసిన ఇన్వెంటరీలో పెరడు సగానికి సగం నాచు పట్టి ఉందని ఉండటం మమ్మల్ని కాపాడింది. కోడి మట్టిలో పొర్లుతున్న వీడియో ఒకటి పంపాను. ఎలుకల బిల్లు పూర్తిగా కొట్టేశారు, పచ్చిక బిల్లులో కొంత భాగం మాత్రం మా మీద పడింది. అందుచేత కోళ్లు తెచ్చే ముందే పెరడు నాలుగు మూలలా ఫొటోలు తీసి పెట్టుకోండి, యజమాని అంగీకారం ఈమెయిల్‌లో తీసుకోండి. ఫోనులో ‘సరే’ అన్న మాట నిలబడదు. అంగీకరించకపోయినా మీరు పెంచుకోవచ్చు, చట్టం మన పక్షానే ఉంది.

లెస్టర్ నుంచి:

స్లౌ మిత్రులు సగం చెప్పి వదిలేశారు. వారు ప్రస్తావిస్తున్నది 1950 నాటి అలాట్‌మెంట్స్ చట్టంలోని 12వ సెక్షన్. అద్దె ఒప్పందంలో ఏమి రాసి ఉన్నా, ఆ స్థలంలో ఉంటున్నవారు వ్యాపారం కోసం కాకుండా పెట్టలనూ కుందేళ్లనూ పెంచుకోవచ్చని, వాటికి అవసరమైన గూడు కట్టుకోవచ్చని అది చెబుతుంది. కానీ అందులో పెట్టలన్నారు గాని పుంజులు అనలేదు. ఆరోగ్యానికి హాని, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగితే ఆ రక్షణ వర్తించదు. పచ్చిక పాడైతే బాధ్యత మీది కాదని కూడా అది ఎక్కడా చెప్పదు. యజమానికి మొదటి ఉత్తరంలోనే సెక్షన్ నంబరు రాసేవారికి నా సలహా ఒక్కటే: అది చివరి అస్త్రం, మొదటి పలకరింపు కాదు.

ఇక అసలు విషయం నమోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడిని పెంచినా జంతువుల, మొక్కల ఆరోగ్యం చూసే ఏపీహెచ్ఏ అనే ప్రభుత్వ సంస్థ వద్ద నమోదు చేసుకోవడం తప్పనిసరి. అంతకుముందు యాభై లేదా అంతకంటే ఎక్కువ పక్షులుంటేనే అవసరమయ్యేది. కోళ్లు తెచ్చిన నెలలోపు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, రుసుము లేదు. మీ చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ కనబడితే హెచ్చరిక నేరుగా మీకే వస్తుంది.

మరొకటి మీ అత్తగారికి మెల్లగా చెప్పవలసింది. మిగిలిన అన్నం, కూరగాయల చెక్కు కోళ్లకు వేయడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ అది నేరం. వంటింటి గుండా వచ్చిన ఏ పదార్థాన్నీ కోళ్లకు పెట్టకూడదు. 2001లో ఈ దేశాన్ని కుదిపేసిన గాలికుంటు వ్యాధి, నార్తంబర్లాండ్‌లో సరిగా ఉడికించని ఎంగిలి కూడు పందులకు పెట్టిన ఒక క్షేత్రం నుంచి మొదలైందని తేల్చారు. ఆ తర్వాతే నిషేధం వచ్చింది.

హారో నుంచి:

లెస్టర్ గారు అందరినీ భయపెడుతున్నారు. ఆ నిబంధన మాంసం వండే ఇళ్లకు మాత్రమే. మాది శుద్ధ శాకాహార కుటుంబం, మా వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. మా కోళ్ల గుడ్లన్నీ పక్కింటివారికే ఇస్తాము. మా ఇంట్లో తరిగిన బీరకాయ చెక్కు మా కోళ్లు తింటే ఎవరికి నష్టం?

లెస్టర్ నుంచి:

హారో సోదరి గారూ, మీ ఇంట్లో పాలు, పెరుగు, నెయ్యి వాడుతున్నారా? వాడుతుంటే మినహాయింపు మీకు లేదు. అది జంతు సంబంధమైనది ఏదీ అడుగుపెట్టని వీగన్ వంటింటికి మాత్రమే. తోటలో కోసిన బచ్చలి కాడను, తోటకూరను వంటింట్లోకి తేకుండా అక్కడి నుంచి అక్కడే కోళ్లకు వేయండి, ఎవరూ కాదనరు. అదే ఆకును సింకు దగ్గర కడిగి తెచ్చి వేస్తే తప్పవుతుంది. వింతగా ఉందంటారా, నాకూ అలాగే అనిపిస్తుంది, కాని నిబంధన అదే.

లీడ్స్ నుంచి:

ఇద్దరు పెద్దల వాదన మధ్య కోళ్లను నక్క ఎత్తుకుపోయేలా ఉంది. ఇక్కడి ఊరి నక్కకు మనుషులంటే భయం లేదు, పట్టపగలే దడి దూకుతుంది. ఆరు కోణాల సన్నని జాలీ కోళ్లను లోపల ఉంచడానికే పనికివస్తుంది, నక్కను ఆపలేదు. మందపాటి వెల్డెడ్ మెష్ కొనండి. గూడు చుట్టూ అదే మెష్‌ను అడుగున్నర వెడల్పున నేల మీద బయటి వైపుకు పరిచి మేకులు దిగగొడితే, తవ్వడానికి వచ్చిన నక్క పంజా దాని మీదే పడుతుంది. చీకటి పడగానే గూడు తలుపు వేయడం ఒక్క రాత్రి మరచినా చాలు, నక్క ఒకదానితో ఊరుకోదు, అన్నింటినీ కొరికేస్తుంది.

రెండవ శత్రువు ఎర్ర నల్లి. పగలు చెక్క సందుల్లో దాక్కుని రాత్రి కోడి రక్తం పీలుస్తుంది. చీకటి పడ్డాక తెల్లని టిష్యూ కాగితంతో కోళ్లు కూర్చునే కర్ర అడుగు భాగాన్ని తుడిచి చూడండి, ఎర్రటి చారలు పడితే అది ఉన్నట్టే. ఈ ఒక్క కారణంతోనే నేను చెక్క గూడు వదిలి ప్లాస్టిక్ గూడు కొన్నాను.

కోళ్లు ఎక్కడ దొరుకుతాయని మీరు అడగలేదు గాని చెబుతున్నాను. పెద్ద ఫారాలు ఏడాదిన్నర వయసులో వదిలించుకునే పెట్టలను బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ 2005 నుంచి ఇళ్లకు ఇప్పిస్తోంది. ఈకలు రాలిపోయి వస్తాయి, కొన్ని వారాల్లో కోలుకుంటాయి. గుడ్లు తగ్గినా పెడతాయి. ఎక్కువ గుడ్లు కావాలంటే గోధుమ రంగు సంకర జాతి పడుచు పెట్టలను కొనండి. ఏ జాతి అయినా చలికాలంలో తగ్గిస్తుంది, ఎందుకంటే గుడ్డు పెట్టడానికి రోజుకు పద్నాలుగు గంటల వెలుతురైనా కావాలి, డిసెంబరులో మనకు దొరికేది ఎనిమిది గంటలే. అత్తగారు పిల్లలను పొదిగిద్దామని పుంజును అడిగితే మాత్రం ఒప్పుకోకండి. తెల్లవారుజామున నాలుగింటికి అది కూస్తే పక్కింటివారు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తారు.

రీడింగ్ నుంచి:

ప్రశ్న అడిగిన సోదరికి ఇంతవరకు సమాధానం రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మీ అక్కగారు చెప్పింది అమెరికాకు సరైనది, మీ దుకాణంలో కనిపించింది ఇక్కడికి సరైనది. పెంకులో వేల కొద్దీ సన్నని రంధ్రాలుంటాయి. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు కోడి వాటిని ఒక పలుచని తడి పొరతో కప్పుతుంది. అది క్షణాల్లో ఆరి, క్రిములు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. అమెరికాలో అమ్మే గుడ్లను కడుగుతారు, పొర పోతుంది, కాబట్టి అక్కడ చల్లగా ఉంచక తప్పదు. ఇక్కడ దుకాణాల్లో అమ్మే ‘ఎ’ గ్రేడు (A) గుడ్లను కడగడానికి వీలులేదు, బదులుగా పెంకు మీద సింహం ముద్ర వేసే పథకం కింద కోళ్లకు సాల్మొనెల్లా టీకాలు వేస్తారు. ఆ ముద్ర ఉన్న గుడ్లను సగం ఉడికినవైనా గర్భిణులు, పసివారు తినవచ్చని ఆహార ప్రమాణాల సంస్థ 2017లో ప్రకటించింది. మీ ఇంటి గుడ్లకు ఆ ముద్ర వర్తించదు. ఇంట్లో పిల్లలు, పెద్దవారు ఉంటే పచ్చసొన గట్టిపడేదాకా వండండి, పెట్టలు కొనేటప్పుడు టీకా వేశారా అని అడగండి.

కాబట్టి కడగకండి. గూట్లో పొడి గడ్డి తరచుగా మారుస్తూ, రోజుకు రెండుసార్లు గుడ్లు తీస్తే కడగవలసిన అవసరమే రాదు. కొద్దిగా అంటిన మట్టిని ఆరాక గరుకు గుడ్డతో రుద్దండి. బాగా మురికైనదాన్ని గుడ్డు కంటే వెచ్చని నీళ్లతో కడిగి ఆ పూటే వండేయండి. చన్నీళ్లు తగిలితే లోపలి పదార్థం ముడుచుకుని, పైనున్న మురికిని రంధ్రాల గుండా లోపలికి లాగుతుంది. మంచి గుడ్ల మీద పెన్సిలుతో తేదీ రాసి, సన్నని కొన కిందికి వచ్చేలా అట్ట పెట్టెలో పెట్టండి. ఇరవై డిగ్రీలు దాటని చల్లని గది సరిపోతుంది, ఫ్రిజ్ అయితే ఇంకా మంచిది, కాని తలుపు అరలో వద్దు. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినవాటిని మళ్లీ బయట ఉంచకూడదు, పెంకు మీద చెమ్మ పడుతుంది. పెట్టిన రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజులు ఇక్కడి దుకాణాల లెక్క, నేనూ అదే పాటిస్తాను.

గుడ్ల పులుసు చేసేటప్పుడు ఆ రోజు గుడ్లు ఉడకబెడితే పెంకుతో పాటు తెల్లసొన ముక్కలుగా ఊడి వస్తుంది. వారం నాటివి తీసుకోండి. నిల్వలో లోపలి వాయువు కొంత బయటికి పోయి తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది, పెంకు లోపలి పొర తెల్లసొనను తేలికగా విడుస్తుంది. నీళ్లలో వేస్తే తేలే గుడ్డు పాతదని మాత్రమే అర్థం, మురిగిపోయిందో లేదో తేలదు. అందుకే ప్రతి గుడ్డునూ విడిగా ఒక గిన్నెలో పగలగొట్టి వాసన చూశాకే కలపండి.

కార్డిఫ్ నుంచి:

రీడింగ్ అమ్మాయి చక్కగా రాసింది. ఒక్క మాట చేరుస్తాను. మా ఇంట్లో గుడ్లను తవుడు కుండలో పాతిపెట్టేవారు. ఇక్కడివారు యుద్ధకాలంలో వాటర్‌గ్లాస్ (సోడియం సిలికేట్) ద్రావణంలో నెలల తరబడి నిలవ ఉంచారు. సున్నపు నీళ్లలోనూ ఉంచవచ్చు. ఫ్రిజ్ కరెంటు ఎందుకు దండగ?

రీడింగ్ నుంచి:

బాబాయి గారూ, తవుడు దెబ్బ తగలకుండా, వేడి సోకకుండా కాపాడుతుంది, అంతవరకు నిజమే. సున్నపు నీళ్ల పద్ధతిలో పెంకుకు కంటికి కనబడని చిన్న పగులున్నా కుండ మొత్తం చెడుతుంది. వసంతంలో గుడ్లు మిగిలిపోతే గిలక్కొట్టి, చిటికెడు ఉప్పు వేసి, డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఆమ్లెట్‌కు హాయిగా పనికివస్తాయి.

లెస్టర్ నుంచి:

గుడ్లు మిగిలితే పంచాలనిపిస్తుంది కాబట్టి ఇదీ చెబుతున్నాను, హారో సోదరి గారు కూడా చదవాలి. 2025 నవంబరులో ఇంగ్లండ్ అంతటా బర్డ్ ఫ్లూ వల్ల కోళ్లను కప్పిన చోటే ఉంచాలన్న ఉత్తర్వు వచ్చినప్పుడు, యాభై లోపు పక్షులుండి గుడ్లను ఇంట్లోనే వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చారు. అమ్మేవారికే కాదు, ఊరికే పంచేవారికి కూడా ఆ మినహాయింపు లేదు. అటువంటి ఉత్తర్వు మళ్లీ వచ్చినప్పుడు షరతులు మారి ఉండవచ్చు కాబట్టి అప్పటి ఉత్తర్వు చదువుకోండి. కోళ్లు తిరిగే చోటికి పైకప్పు, అడవి పక్షులు దూరలేని వల మొదటి రోజే వేయించుకుంటే, ఉత్తర్వు వచ్చిన రాత్రి టార్పాలిన్ కోసం దుకాణాలు తిరగవలసిన పని ఉండదు.