జీడితోటకి కరెంటు: ఆంధ్ర స్తంభం దగ్గర, ఒడిశా స్తంభం దూరం

తోటమ్మాయి, పర్లాకిమిడి:

మా తోట కొండవారన, సరిగ్గా ఆంధ్ర సరిహద్దు మీద, ఒడిశా వైపు ఉంది. నాయన పోయాక కూడా అమ్మ అక్కడే ఉంటానని పట్టుబట్టింది. సోలార్ దీపం ఒక్కటే ఆధారం. అమ్మకి సుగరు. ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టిన కుండలో దాస్తుంది. ఎండలు ముదిరాక ఆ కుండని నమ్ముకుని నేను నిద్రపోలేను. ఈసారి ఎలాగైనా కరెంటు వేయించాలి.

గట్టు దాటితే ఆంధ్ర పొలం. వాళ్ల మోటారు స్తంభం మా గుమ్మంలోంచి కనిపిస్తుంది. ఒడిశా లైను మాత్రం కిలోమీటరు అవతల ఊరి చివర ఆగిపోయింది. మధ్యలో వేరేవాళ్ల పొలాలు, కొంత అడవి ఉన్నాయి. మాకు పైన ఉన్న నాలుగైదు సవర గిరిజనుల ఇళ్లకీ లైను లేదు. ఒక కాంట్రాక్టరు చూసి, సింగిల్ ఫేజ్ తీగ లాగితే చాలు, మూడు హెచ్‌పీ బోరు మోటారు కూడా ఆడుతుందన్నాడు. నిజమేనా? ఆంధ్ర స్తంభం నుంచి తీసుకోవచ్చా? పట్టా ఇంకా నాయన పేరు మీదే ఉంది.

రిటైర్డ్ లైన్‌మన్, గుణుపురం:

అమ్మా, ఆంధ్ర స్తంభం సంగతి మరిచిపోండి. అటు శ్రీకాకుళం జిల్లాకి విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), ఇటు మీ గజపతి జిల్లాకి బరంపురం కేంద్రంగా ఉన్న టాటా పవర్ సంస్థ. ఎవరి లైసెన్సు వాళ్ల ప్రాంతానికే. పక్క రైతు మంచివాడే కావచ్చు, కానీ ఆయన మీటరు నుంచి తీగ లాక్కుంటే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది. జరిమానా ఆయన మీద పడుతుంది.

మోటారు మాటకి వస్తే, స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కిలోమీటరు పొడవున 230 వోల్టుల తీగ లాగితే చివర వోల్టేజీ కూలిపోతుంది. మోటారు గుర్రుమని మూలుగుతూ తిరగదు, కాసేపటికి వైండింగ్ కాలిపోతుంది. అలా కాలిన మోటార్లు ఎన్నో చూశాను. 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైనే మీ దాకా తెప్పించి, తోట దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టమనండి. వోల్టేజీ ఎక్కువైతే అదే పవర్‌కి తీగలో పారే కరెంటు తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది. ఇల్లు, బోరు రెండింటి లోడూ దరఖాస్తులో మొదటే రాయండి. తర్వాత పెంచాలంటే మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ తిరుగుడు.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటిదాకా చెట్ల కింద వచ్చే తీగకి ఏబీ కేబుల్ (పైన తొడుగుండి, మెలిపెట్టిన తీగలు) అడగండి. 2018లో తిత్లీ తుపానుకి గజపతిలో స్తంభాలు ఎలా పడ్డాయో మీకూ తెలుసు.

సిరొంచ రైతు, గడ్చిరోలి:

అక్కా, మా మహారాష్ట్రలో 2024లో మాగేల్ త్యాలా సౌర కృషి పంప్ పథకం తెచ్చారు. రైతు వాటా పది శాతం, ఎస్సీ ఎస్టీలకి ఐదు. రెండున్నర ఎకరాల దాకా మూడు హెచ్‌పీ ఇస్తారు. మీకు ఈ పథకం వర్తించదు గానీ కేంద్రం సోలార్ పంపుల పథకం పీఎం కుసుమ్ కింద ఒడిశాలో ఏముందో అడగండి. నా పంపు ఎండ ఉన్నంతసేపూ బాగా పోస్తుంది. అయితే అమ్మగారి ఫ్రిజ్‌ని రాత్రి నడిపేది అది కాదు. ఇంటికి కరెంటు విడిగా కావాల్సిందే.

తోటమ్మాయి:

ఫ్రిజ్ మాట మీరే అన్నారు తమ్ముడూ, నాకు కావాల్సింది ముందు అదే. లైన్‌మన్ గారూ, అడవి ముక్క, పట్టా ఏం చేయాలి?

రిటైర్డ్ లైన్‌మన్, గుణుపురం:

నాయన పేరున్న పట్టా, వారసత్వ సర్టిఫికెట్, తోబుట్టువుల సమ్మతి పత్రాలు జత చేయండి. మ్యుటేషన్‌కి (రికార్డుల్లో పేరు మార్పుకి) తహసీల్లో పక్కనే దరఖాస్తు పెట్టండి. స్తంభాలు పడే పొలాల వాళ్ల సంతకాలు కాగితం మీద తీసుకోండి, మాట చాలదు.

అడవి దగ్గరే అసలు చిక్కు. మీ ఒక్క తోట కోసమంటే అటవీ అనుమతి చాలా కష్టం. సవర ఇళ్లకి లైను అంటే దారి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే, ప్రభుత్వం చేపట్టే కరెంటు లైనుకి ఒక్కోచోట హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, చెట్లు హెక్టారుకి 75 మించకూడదు. ముందు ఆ ఇళ్లవాళ్లతో కూర్చుని మాట్లాడండి. వాళ్లకి లైను రావడం మీ బోరు కంటే ముఖ్యం, ఈ మాట గ్రామసభలోనూ గట్టిగా చెప్పండి. ఆ లైనే మీ తోట పక్కనుంచి పోతుంది.

దరఖాస్తు ఎక్కడ పెట్టినా నంబరు ఉన్న రసీదు తీసుకోండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల్లో 2024 సవరణ ప్రకారం పల్లెల్లో కొత్త కనెక్షన్‌కి 15 రోజులు, కొండ ప్రాంత పల్లెల్లో 30 రోజులు గడువు. లైను పొడిగించాల్సి వస్తే ఇంకా పడుతుంది. తేదీ ఉన్న రసీదు లేకపోతే ఫిర్యాదుల ఫోరంలో మీ మాట నిలవదు.